పేరు ఎవరిది, పాలు ఎవరివి?

(మా శాఖా గ్రంథాలయంలో నెలకోసారి జరిగే ఆదివారం సమావేశంలో, వ్యవసాయ ఆర్థికశాస్త్రం బోధించి రిటైరైన ఒక మాస్టారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

నమస్కారం. వెనక వరసకు వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువుంది. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఈ గొంతుకు అది అలవాటే.

పోయిన నెల మీలోనే ఒకరు అడిగారు. "మాస్టారూ, ఐరోపావాళ్లు తిండి పేర్ల మీద కూడా కోర్టులకెక్కుతారట, నిజమేనా?" అని. నిజమే. ముప్ఫై ఏళ్లుగా ఎక్కుతున్నారు, ఇంకా దిగలేదు. ఆ గొడవేమిటో, అది ఎటు పోతోందో ఈ పూట చెప్పుకుందాం. ముందు ఒక ఊరి కథ.

ఇంగ్లండులో కేంబ్రిడ్జ్‌షైర్‌లో స్టిల్టన్ అని ఒక ఊరుంది. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పాత రాజమార్గం మీద ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో గుర్రపు బళ్లు అక్కడ ఆగేవి. బెల్ ఇన్ అని ఒక సత్రం. ఆ సత్రంలో నీలి చారలున్న ఒక చీజ్ అమ్మేవారు. ప్రయాణికులు తిన్నారు, బాగుందన్నారు, "ఆ స్టిల్టన్‌లో తిన్నామే, అది" అని పదిమందికీ చెప్పారు. చీజ్‌కు ఆ పేరే ఖాయమైపోయింది.

ఇప్పుడు ఆ స్టిల్టన్ ఊళ్లోనే ఎవరైనా అదే చీజ్ చేసి, స్టిల్టన్ అని పేరు పెట్టి అమ్మారనుకోండి. ఏమవుతుంది? నేరమవుతుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. 1996లో ఆ పేరు ఐరోపా చట్టం కింద రిజిస్టరయింది. డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ అనే మూడు కౌంటీల్లో చేస్తేనే స్టిల్టన్ అనాలి అని రాసుకున్నారు. స్టిల్టన్ ఊరు ఆ మూడింట్లో లేదు. ఊరివాళ్లు నియమం మార్చమని అడిగారు. ప్రభుత్వం కుదరదంది. మనకు "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని సామెత ఉంది కదా. అక్కడ పేరు గొప్పే, పాపం ఆ పేరు సొంత ఊరికి మాత్రం దక్కలేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. నియమాల్లో పాలు పాశ్చరైజ్ చేయాలని, అంటే వేడిచేసి క్రిములు చంపాలని రాశారు. తర్వాత కొంతమంది అదే నాటింగ్‌హామ్‌షైర్‌లో, పాత పద్ధతిలో, పచ్చి పాలతోనే ఆ చీజ్ చేశారు. రుచి చూసినవాళ్లు పూర్వం స్టిల్టన్ ఇలాగే ఉండేదేమో అన్నారు. కానీ వాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు. చేసేదేం లేక స్టిచెల్టన్ అని పెట్టుకున్నారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఈ పేర్ల వ్యవహారమంతా అందులోనే ఉంది. జనం అనుకునేదేమిటి? ఒక ఊరి పేరు ఆ ఊరికి కాపాడుతున్నారు అని. జరిగేది అది కాదండీ. ప్రతి పేరు వెనకా ఒక నియమావళి ఉంటుంది. ఏ హద్దుల్లో చేయాలి, ఏ ఆవు, ఏ మేత, ఎన్ని నెలలు మగ్గబెట్టాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. చట్టం ఆ కాగితాన్ని కాపాడుతుంది. మరి ఆ కాగితం రాసేటప్పుడు కలం ఎవరి చేతిలో ఉంది? నేను ఈ పూట మళ్లీ మళ్లీ అడగబోయే ప్రశ్న ఇదే. కలం ఎవరి చేతిలో ఉంది?

మధ్యలో ఒక మాట. చీజ్ అన్నప్పుడల్లా మన జున్ను గుర్తు తెచ్చుకోకండి. జున్ను ఈనిన గేదె మొదటి పాలది. ఇది పాలు విరిచి, నీరు పిండేసి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మగ్గబెట్టేది. ఇవాళ చీజ్ ఉదాహరణలే ఎక్కువ చెబుతాను. గొడవలు దాని మీదే ఎక్కువ.

సరే. అసలు ఇది వ్యవసాయ విధానంలోకి ఎలా వచ్చింది? పేర్ల రిజిస్ట్రేషన్ అంటే వాణిజ్య శాఖ చూసుకునే పని కదా, రైతు మంత్రులకేం సంబంధం? అక్కడికి రావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

యుద్ధంలో ఆకలి చూసిన ఐరోపా 1962లో ఉమ్మడి వ్యవసాయ విధానం పెట్టుకుంది. క్యాప్ అంటారు. మన మద్దతు ధర లాంటి హామీ ధర ఇచ్చారు. ఎంత పండించినా కొంటామన్నారు. రైతు ఏం చేస్తాడు? పండిస్తాడు. 1980లు వచ్చేసరికి గోదాముల్లో వెన్న కొండలు, ద్రాక్ష సారా చెరువులు. ఆ మాటలు నావి కావు, అక్కడి పత్రికలే అలా రాసేవి. ఖజానా ఖాళీ అవుతోంది. 1984లో పాలకు కోటా పెట్టారు. అదీ చాలలేదు. 1992లో మెక్‌షారీ అని ఐర్లండు ఆయన వ్యవసాయ కమిషనరుగా ఉండి, హామీ ధరలు కోసి, రైతుకు నేరుగా డబ్బిచ్చే పద్ధతికి మళ్లించాడు.

అదే ఏడాది జూలైలో ఈ పేర్ల చట్టం వచ్చింది. కాకతాళీయం అనుకుంటున్నారా? నేననుకోను. ఎక్కువ పండించినవాడికి ఎక్కువ ఇస్తాం అనే మాట చెల్లకుండా పోయినప్పుడు, కొండల్లో ఇరవై ఆవులున్న రైతుకు ఏం చెప్పాలి? "నువ్వు ఎక్కువ చేయక్కర్లేదు, నీ దానికి పేరుంది, ఆ పేరుకు ధర వస్తుంది" అని చెప్పారు. ఇంకో సుఖం కూడా ఉంది. హామీ ధరకు ఖజానా డబ్బు కావాలి. పేరుకు పెద్దగా అక్కర్లేదు, ఆ అదనపు ధర తినేవాడే ఇస్తాడు. ప్రభుత్వాలకు ఇంతకన్నా ఏం కావాలి?

రెండు రకాల ముద్రలు పెట్టారు. ఎరుపు, పసుపు రంగుల ముద్ర ఉంటే పీడీఓ. అంటే పుట్టుక నుంచి తయారీ దాకా అన్నీ ఆ ప్రాంతంలోనే జరగాలి. నీలం, పసుపు ముద్ర ఉంటే పీజీఐ. ఒక్క దశైనా ఆ ప్రాంతంలో జరిగితే చాలు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ఆ "ఒక్క దశైనా" దగ్గరికి మళ్లీ వస్తాను, అది చాలా పెద్ద తలుపు.

ఇప్పుడు వైన్లు, సారాలు అన్నీ కలిపి మూడున్నర వేలకు పైగా పేర్లు రిజిస్టరై ఉన్నాయి. ఐరోపా కమిషన్, అంటే అక్కడి ఉమ్మడి పాలనా యంత్రాంగం, 2020లో ఒక అధ్యయనం బయటపెట్టింది. 2017లో ఈ పేర్ల మీద అమ్మకాలు దాదాపు 75 బిలియన్ యూరోలు. ఐరోపా ఆహార ఎగుమతుల్లో ఇవి 15 శాతానికి పైనే. పేరున్న సరుకుకు పేరులేని దానికన్నా సగటున రెట్టింపు ధర. ఆ రెట్టింపు మాట ప్రతి మంత్రి ప్రసంగంలోనూ వినపడుతుంది. ఎవరూ చెప్పని ముక్క ఒకటుంది. ఆ అమ్మకాల్లో సగానికి పైగా వైన్లదే. పైగా రెట్టింపు ధర అంటే రైతుకు రెట్టింపు ఆదాయం అని కాదు కదా. మిర్చి యార్డు చూసిన మీకు నేను చెప్పాలా?

ఫెటా సంగతి చెప్పకుండా ఈ కథ ముందుకు పోదు. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు సూపర్ మార్కెట్లో ఒకే అరలో రెండు రకాల తెల్ల చీజ్ పెట్టెలు చూశాను. ఒకదాని మీద ఫెటా అని ఉంది. రెండోదాని మీద జర్మన్‌లో "కాపరి చీజ్" అని అర్థం వచ్చే పేరుంది. చూడటానికి కవల పిల్లలు. రెండోది ఆవు పాలది, ధర తక్కువ. ఎందుకిలా రెండు పేర్లు అని అడిగితే మావాడికి తెలియదు. సాఫ్ట్‌వేర్ వాడికి చీజ్ చరిత్ర ఎందుకులెండి.

కథేమిటంటే, గ్రీసు వాళ్లు ఫెటాను గొర్రె పాలతో చేస్తారు. మేక పాలు కలపొచ్చు, ముప్ఫై శాతం దాకా. డెన్మార్క్, జర్మనీ వాళ్లు ఏళ్ల తరబడి ఆవు పాలతో చేసి అదే పేరుతో అమ్ముకున్నారు. 1996లో ఆ పేరు గ్రీసుకు రిజిస్టర్ చేశారు. డెన్మార్క్ వాళ్లు కోర్టుకెళ్లారు. 1999లో కోర్టు ఆ రిజిస్ట్రేషన్ కొట్టేసింది. మిగతా దేశాల్లో ఆ పేరు ఎలా వాడుతున్నారో సరిగా చూడలేదు పొమ్మంది. 2002లో మళ్లీ రిజిస్టర్ చేశారు, మళ్లీ కోర్టుకెళ్లారు. 2005లో గ్రీసు గెలిచింది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఫెటా అనేది ఊరి పేరు కాదు, ప్రాంతం పేరు కాదు. ఇటాలియన్‌లో "ముక్క" అనే మాట నుంచి వచ్చింది. మరి ఎలా గెలిచారు? కోర్టు రెండు విషయాలు చూసింది. ఐరోపాలో తినే ఫెటాలో 85 శాతానికి పైగా గ్రీసులోనే తింటున్నారు. రెండోది, బయట దేశాల వాళ్లు తమ ఆవు పాల ఫెటా పెట్టెల మీద ఏం బొమ్మలు వేశారు? గ్రీసును గుర్తుచేసే బొమ్మలు, గ్రీసు సంప్రదాయాల మాటలు. అది మామూలు మాటే, ఎవరిదీ కాదు అనుకుంటే గ్రీసు బొమ్మ ఎందుకు వేశావయ్యా? దొంగ తన చేత్తోనే చిరునామా రాసిచ్చినట్టయింది.

అక్కడితో ఆగలేదు. ఐరోపాలో అమ్మకూడదు సరే, బయట దేశాలకు ఎగుమతి చేస్తే తప్పేమిటని డెన్మార్క్ చూస్తూ ఊరుకుంది. 2022 జూలైలో కోర్టు అదీ కుదరదంది. 1996 నుంచి 2022, లెక్క వేసుకోండి. ఒక్క పేరు మీద ఇరవై ఆరేళ్లు.

బొమ్మ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. స్పెయిన్‌లో లా మాంచా అనే ప్రాంతంలో మాంచెగో అనే గొర్రె పాల చీజ్ ఉంది. ఒక కంపెనీ వాళ్లు ఆ పేరు వాడకుండా, పెట్టె మీద బక్క గుర్రమెక్కిన ఒక పెద్దమనిషిని, వెనక గాలి మరలను గీశారు. పాత స్పానిష్ నవల్లో నాయకుడు డాన్ క్విహోటే అని ఎవరైనా పోల్చేస్తారు, ఆయనది లా మాంచా కదా. పేరు రాయలేదుగా అన్నారు. బొమ్మతో గుర్తుచేసినా గుర్తుచేసినట్టే అని 2019లో ఐరోపా కోర్టు చెప్పింది. మరుసటి ఏడు మోర్బియే అనే ఫ్రెంచి చీజ్ కేసు వచ్చింది. దాన్ని కోస్తే మధ్యలో నల్లటి గీత ఒకటి ఉంటుంది. పేరు వాడకపోయినా, ఆ రూపాన్ని అనుకరించి కొనేవాడు పొరబడేలా చేస్తే అదీ తప్పే కావచ్చంది కోర్టు. అంటే రక్షణ ఎంత దూరం వచ్చేసిందో చూడండి. పేరుతో మొదలై, బొమ్మ దాటి, ముక్క మీది గీత దాకా.

అందుకే అంటాను, పేరు కాపాడటంలో ఐరోపా ఆరితేరింది. దాని మీద నాకు బెంగ లేదు. మరి పేరు వెనకున్న మనిషి సంగతేమిటి?

ఇటలీకి పోదాం. ఆల్ప్స్ కొండల్లో వాల్తెల్లీనా అనే లోయ ఉంది. అక్కడ బ్రెసావోలా అని గొడ్డు మాంసానికి ఉప్పు పట్టించి ఆరబెట్టేది చేస్తారు. పీజీఐ ముద్ర ఉంది. లోయ పేరు, కొండ గాలి, అన్నీ పెట్టె మీద ఉంటాయి. ఆ మాంసం ఎక్కడిది? చాలా భాగం బ్రెజిల్ నుంచి వస్తుంది. జెబు జాతి పశువులది. జెబు అంటే మూపురం ఉన్న పశువు, మన పశువుల చుట్టమే. మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్లిన సంగతి మీకు తెలుసుగా, వాటి వంశం అక్కడి మందల్లో బాగానే ఉంది. ఇదంతా చట్టప్రకారమే. ఉప్పు పట్టించడం, ఆరబెట్టడం లోయలో జరిగితే చాలు. "ఒక్క దశైనా" అన్నానే, ఆ తలుపు ఇదే. ఆ లోయలో పశువులు పెంచే రైతుకు ఆ పేరు వల్ల ఒరిగేది ఎంత?

ఇప్పుడు ఫ్రాన్స్, స్విట్జర్లండ్ సరిహద్దులో జురా కొండలకు రండి. కోంతే అనే చీజ్. ఇది నాకు ఇష్టమైన ఉదాహరణ, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి.

కోంతే ఒక పెద్ద చక్రం. నలభై కిలోల దాకా ఉంటుంది. దానికి నాలుగు వందల లీటర్ల పాలు కావాలి. పాతకాలంలో ఏ ఒక్క రైతింట్లోనూ రోజుకు అన్ని పాలుండేవి కావు. చలికాలం మంచులో పాలు దాచుకునే దారి ఇదొక్కటే. అందుకని ఊరంతా కలిసి ఒకచోట పాలు పోసేవారు. ఆ చోటును ఫ్రుయితియేర్ అంటారు. మన పాల కేంద్రం అనుకోండి. తేడా ఏమిటంటే, మన దగ్గర పాలు పోసి చీటీ తీసుకుని ఇంటికొస్తాం, వాళ్లకు ఆ కేంద్రమే సొంతం. చీజ్ అక్కడే పుడుతుంది.

నియమావళి రాసేటప్పుడు ఆ సంఘాలు గట్టిగా కూర్చున్నాయి. ఏం రాసుకున్నారో వినండి. ఆవు మోంబెలియార్డ్ జాతిదో, ఫ్రెంచ్ సిమెంటాల్ జాతిదో అయి ఉండాలి. పాతర గడ్డి, అంటే పాతరేసి పులియబెట్టిన గడ్డి, పెట్టకూడదు, పచ్చిక, ఎండుగడ్డి మాత్రమే. ఒక కేంద్రం పాలు సేకరించే వలయం వ్యాసం 25 కిలోమీటర్లు దాటకూడదు. హెక్టారుకు ఇన్ని పాలే అని పరిమితి. రోబోతో పాలు పితకడం నిషేధం.

ఇవన్నీ రుచి కోసమే అనుకుంటున్నారా? కొన్ని రుచి కోసమే. ఆ 25 కిలోమీటర్లు దేనికి? ఒక పెద్ద కంపెనీ వచ్చి, జిల్లా మధ్యలో ఒకే ఒక్క మహా ఫ్యాక్టరీ కట్టి, వంద కేంద్రాలు మూయించకుండా ఉండటానికి. కాగితం మీద భూగోళం, అసలు పని బేరసారాలు. అక్కడ పాల ధర ఫ్రాన్స్‌లో మిగతా చోట్ల కన్నా బాగా ఎక్కువ. అందుకే ఆ కొండల్లో పాడి ఇంకా మిగిలింది. 2012లో ఐరోపా ఇంకో అధికారం కూడా ఇచ్చింది. ఇలాంటి పేరున్న చీజ్ ఎంత చేయాలో సంఘాలే నిర్ణయించుకోవచ్చు, ధర పడిపోకుండా. మామూలుగా అయితే నలుగురు కలిసి ఉత్పత్తి తగ్గిస్తే కుమ్మక్కు అంటారు. ఇక్కడ చట్టమే రండి కూర్చోండి అంది. 2021 సవరణతో అది చీజ్ దాటి మిగతా పేర్లకూ వచ్చింది.

కోంతేను మరీ దేవుణ్ని చేయకండి. ధర బాగుంటే ఆవులు పెరుగుతాయి, పేడ పెరుగుతుంది. అక్కడ లూ అనే నదిలో చేపలు చచ్చిపోతున్నాయి. పాడి కూడా ఒక కారణమని పర్యావరణం వాళ్లు గట్టిగానే అడుగుతున్నారు.

కలం చేతులు మారితే ఏమవుతుందో ఫ్రాన్స్‌లోనే కామెంబేర్ అనే ఇంకో చీజ్ చూడండి. కామెంబేర్ అనే మాట ఎప్పుడో అందరిదీ అయిపోయింది. "నార్మండీ కామెంబేర్" అనే పూర్తి పేరుకే రక్షణ. పచ్చి పాలు ఉండాలి, చేత్తో గరిటెతో అచ్చుల్లో పోయాలి. పెద్ద కంపెనీలు "నార్మండీలో తయారైన కామెంబేర్" అని పాశ్చరైజ్ పాలతో చేసి అమ్మేవి. కొనేవాడికి తేడా తెలుస్తుందా? తెలియదు. 2018లో రాజీ కుదిరింది. పాశ్చరైజ్ పాలను కూడా పేరు కిందికి తెస్తాం, బదులుగా నార్మండీ జాతి ఆవులు, మేత పెంచండి అన్నారు. కొంతమంది రైతులు సంతోషించారు. పచ్చి పాల వాళ్లు పేరు పల్చబడిపోతుందన్నారు. రెండేళ్లు తన్నుకుని 2020లో ఆ రాజీని వాళ్లే ఓటేసి కొట్టేశారు. ఎవరు ఒప్పు? నన్నడిగితే పచ్చి పాల వాళ్ల వైపే మొగ్గుతాను. అయితే ఆవుల మేత మెరుగయ్యే అవకాశం పోయిందని చెప్పిన రైతుల మాటనూ తీసిపారేయలేను.

ఇక ముందు సంగతి. ఇది ఎటు పోతోందో చెప్పుకుందాం అన్నాను కదా, అక్కడికి రావాలి. టీ వచ్చింది, తాగుతూ వినండి.

నా ఉద్దేశంలో ఈ పేర్లకు రాబోయే పెద్ద గండం దొంగల వల్ల కాదు, వాన వల్ల. ఫ్రాన్స్ నడిమధ్య కాంతాల్ కొండల్లో సలేర్స్ అని చీజ్ ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి నవంబరు మధ్య దాకా, ఆవులు కొండ మీద మేస్తున్నప్పుడే చేయాలి. మేతలో కనీసం ముప్పావు వంతు గడ్డి ఉండాలి. 2022 ఆగస్టులో కరవొచ్చి కొండ మాడిపోయింది. గడ్డి లేదు. ఏం చేశారు? చీజ్ చేయడం ఆపేశారు. పాలున్నాయి, మనుషులున్నారు, గిరాకీ ఉంది. నియమం ఉంది కాబట్టి ఆపేశారు. ఆ వేసవిలోనే ఇంకొన్ని చీజ్‌ల వాళ్లు బయటి మేత పెట్టుకోనివ్వండి, ఈ ఒక్క ఏడాదికి అని మినహాయింపు అడిగారు. ప్రకృతి విపత్తు వస్తే తాత్కాలికంగా నియమం సడలించే వీలు చట్టంలో ఉంది.

నేను చాలా రోజులు ఆలోచించాను దీని మీద. ఆపేసినవాళ్లు గొప్పా, సడలించుకున్నవాళ్లు తెలివైనవాళ్లా? ఆపేసినవాళ్ల వల్ల పేరు నిలుస్తుంది. అప్పు కట్టాల్సిన రైతుకు పేరు నిలిస్తే కడుపు నిండుతుందా? అయిదేళ్లలో నాలుగేళ్లు మినహాయింపే అయితే మరి ఆ నియమానికి అర్థమేముంది?

ఫ్రాన్స్‌లోనే బోర్డో ప్రాంతపు వైన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. ఎండలు ముదిరిపోతున్నాయని 2021లో ఆరు కొత్త రకాల ద్రాక్షలు ఒప్పుకున్నారు. అందులో పోర్చుగల్ రకం కూడా ఉంది. తోటలో 5 శాతానికి, కలిపేటప్పుడు 10 శాతానికి మించకూడదని షరతు. జాగ్రత్తగా, కాలి బొటనవేలు నీళ్లలో పెట్టి చూసినట్టు. ఇలాంటివి ఇంకా చూస్తాం.

గ్రీసులో అయితే ఇంకా కష్టం. 2024లో అక్కడ గొర్రెలకు పీపీఆర్ అనే తెగులు వచ్చింది. మన గొర్రెల కాపర్లకు ఈ పేరు బాగా తెలుసు, టీకాలు వేయిస్తారుగా. దాని వెనకే గొర్రెల మశూచి. లక్షల గొర్రెల్ని చంపేయాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్లు కోర్టులో పోరాడి పేరు నిలబెట్టుకున్నారు. ఇప్పుడు ఆ పేరు పెట్టడానికి గొర్రె పాలు కావాలి, అవే తగ్గిపోతున్నాయి.

మరి చట్టం ఏం చేస్తోంది? 2024 మేలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆహారం, వైన్లు, సారాలు అన్నీ చాలావరకు ఒకే గొడుగు కిందికి తెచ్చారు. దాని మీద పెద్ద తగువే నడిచింది. కమిషన్ ఈ పేర్ల పరిశీలన పనిలో చాలా భాగాన్ని మేధో సంపత్తి కార్యాలయానికి అప్పజెప్పాలనుకుంది. ట్రేడ్‌మార్కులు చూసే ఆఫీసది. ఐరోపా పార్లమెంటు ఒప్పుకోలేదు. ఇది బ్రాండు కాదు, వ్యవసాయం అన్నారు. చివరికి పరిశీలన కమిషన్ దగ్గరే ఉంది. నాకైతే ఆ తగువులో పార్లమెంటు చేసింది మంచి పని అనిపిస్తుంది. ట్రేడ్‌మార్కు ఆఫీసుకు పాతర గడ్డి ఏం తెలుస్తుంది?

కొత్త చట్టంలో పనికొచ్చేవి ఉన్నాయి. పిజ్జా మీద ఇటలీ చీజ్ పార్మిజానో ఇంత చల్లి పెట్టె నిండా ఆ పేరు రాసుకోవడం ఇక అంత తేలిక కాదు. ఎంత శాతం వేశారో రాయాలి, ముందుగా ఆ ఉత్పత్తిదారుల సంఘానికి తెలియజేయాలి. ఇంటర్నెట్ చిరునామాల్లో పేరు వాడినా పట్టుకుంటారు. గుర్తింపు పొందిన సంఘాలకు అధికారాలు పెరిగాయి. నేల, నీరు, పశువుల బాగోగులు, రైతుకు న్యాయమైన ఆదాయం, ఇవన్నీ నియమావళిలో చేర్చుకోవచ్చు అన్నారు. చేర్చుకోవచ్చు. చేర్చాలి అనలేదు. ఆ ఒక్క క్రియాపదం మీద ఎన్ని సమావేశాలు జరిగి ఉంటాయో!

డబ్బు సంగతి కూడా చూడాలి. ఇప్పటి క్యాప్ ఏడేళ్లకు సుమారు 387 బిలియన్ యూరోలు. 2025 జూలైలో కమిషన్ కొత్త ప్రతిపాదన పెట్టింది. 2028 నుంచి వ్యవసాయానికి విడి నిధి ఉండదు, ఒక పెద్ద ఉమ్మడి నిధిలో కలిపేస్తాం, రైతుల ఆదాయ మద్దతుకు 300 బిలియన్ల దాకా పక్కన పెడతాం అని. రైతు సంఘాలు మండిపడ్డాయి. 2005 నుంచి 2020 లోపల అక్కడ 53 లక్షల కమతాలు మాయమయ్యాయి, మిగిలినవి 91 లక్షలు. సబ్సిడీ పల్చబడే కొద్దీ మంత్రులు ఏం చెబుతారు? "మీకు పేరుందిగా" అంటారు. 1992లో చెప్పిన మాటే. బ్రెసావోలా లోయలో పశువుల రైతుకూ అదే చెబుతారు, కోంతే రైతుకూ అదే చెబుతారు. ఇద్దరికీ దక్కేది ఒకటేనా?

సముద్రం అవతల సంగతి క్లుప్తంగా. అమెరికా దృష్టిలో ఇవి చాలావరకు మామూలు మాటలు. 2023లో అక్కడి అప్పీలు కోర్టు గ్రుయేర్ అనే చీజ్ పేరు ఎవరైనా వాడుకోదగ్గదే అని తేల్చింది. స్విట్జర్లండులో ఆ పేరుతో ఊరే ఉంది మరి! ఐరోపా ఏం చేస్తోందంటే, వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్న ప్రతి దేశంతోనూ ఒక పేర్ల జాబితా ఒప్పిస్తోంది. కెనడాతో అలాగే, చైనాతో చెరో వంద పేర్లు. న్యూజిలండ్ వాళ్లు ఫెటా అనడం మానడానికి తొమ్మిదేళ్లు గడువు తీసుకున్నారు.

మనతోనూ ఉంది. 2022లో ఐరోపాతో చర్చలు మళ్లీ మొదలైనప్పుడు పేర్ల ఒప్పందానికి విడిగా బల్ల వేశారు. డార్జిలింగ్ టీ 2011లోనే అక్కడ రిజిస్టరయింది, కాంగ్రా టీ 2023లో. బాస్మతికి మనం 2018లో దరఖాస్తు పెట్టాం. పాకిస్తాన్ అభ్యంతరం చెప్పింది. అక్కడ ఆగింది. రెండు దేశాల పొలాల్లో పండే బియ్యానికి ఒక దేశం పేరెలా రాస్తారు?

ఏమ్మా, చెయ్యెత్తావు, అడుగు. గుంటూరు మిర్చికా? గుంటూరు సన్నానికి మన దేశంలో జీఐ, అంటే ఇలాంటి ప్రాంతం పేరు రిజిస్ట్రేషనే, ఉంది, బనగానపల్లె మామిడికీ ఉంది. ఐరోపా జాబితాలోకి వెళితే మంచిదే. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. ఇక్కడ మిర్చి రైతులు నలుగురైదుగురు ఉన్నారు. ఆ నియమావళి మీలో ఎవరైనా చదివారా? చదవలేదు. పోనీ, రాసేటప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఆ, అదీ. జురా రైతు తన నియమావళిని వేలు పెట్టి చూపిస్తూ చదువుతాడు, ఈ వాక్యం మా నాన్న కాలంలో పెట్టించాం అని చెబుతాడు.

ఇంకెవరు? చెప్పండి మాస్టారూ. స్టిల్టన్ ఊరివాళ్లు ఇప్పుడేం చేస్తున్నారనా? చీజ్ అయితే చేయడం లేదు. ఆ బెల్ ఇన్ ఇంకా ఉంది, హోటలు. చాలా ఏళ్లు మే నెలలో ఆ వీధిలో చీజ్ దొర్లించే పందెం పెట్టేవారు. జట్లు జట్లుగా వచ్చి, గుండ్రటి చీజ్‌ను రోడ్డు మీద తోసుకుంటూ పరుగెత్తేవారు. చూడ్డానికి జనం బాగానే వచ్చేవారు. దొర్లించింది మాత్రం చీజ్ కాదండీ, చెక్క దుంగ.